గట్టుకు బొక్కలు పెట్టేది పీతలు కావు, మీరు కొన్న ‘లాబ్‌స్టర్లే’

సందేహం: నాకు చోళవరం దగ్గర అర ఎకరం చేపల గుంట ఉంది. రోహు, కట్ల పిల్లలు వదిలాను. అంతకు ముందు ఏడాది చెన్నైలో ఒక రంగుచేపల దుకాణంవాళ్లు ‘ఇది రెడ్ క్లా, మంచినీటి లాబ్‌స్టర్, కిలోకు మంచి ధర’ అంటే పన్నెండు తెచ్చి గుంటలో వేశాను. ఇప్పుడు ఎక్కడ చూసినా ఎర్రగా అవే. చేపపిల్లల్ని తినేస్తున్నాయి. పైగా గట్టుకు పీతల బొక్కలు పడి నీళ్లు కారుతున్నాయి. బొక్కల్లో ఫోరేట్ గుళికలు వేసి, నీళ్లలో సైపర్‌మెత్రిన్ పొయ్యమని మందుల షాపులో చెప్పారు. మోతాదు ఎంత? బుట్టలు వేసి పట్టాలంటే లైసెన్సు కావాలని వీడియోల్లో చూశాను, నిజమేనా? పట్టినవాటిని ప్రాణంతో అమ్ముకోవచ్చా?

— ఒక రైతు, చోళవరం

సలహా: మోతాదు చెప్పను. ఆ రెండు మందులూ గుంట దరిదాపులకు రాకూడదు. ఫోరేట్ అమ్మకం, వాడకం దేశమంతటా 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం. దాన్ని ఇంకా చేతిలో పెడుతున్న షాపును సలహా అడగడమే పొరపాటు. సైపర్‌మెత్రిన్‌కు నీళ్లలో ఉన్నవి చస్తాయి, వాటితోపాటు మీ చేపలూ చస్తాయి. బొక్కలో దూరి మూతికి బురద బిరడా పెట్టుకున్నవాటికి మాత్రం మందు అందదు. ఇప్పపిండి సంగతి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్పకపోరు: అందులోని సాపోనిన్ అనే పదార్థం చేపల్ని చంపుతుంది, మీ గుంటలోని ఈ ‘లాబ్‌స్టర్ల’ జాతికి ఏమీ కాదు. రొయ్యల చెరువుల్లో టీ సీడ్ కేక్ (తేయాకు జాతి గింజల చెక్క) వేసి చేపల్ని మాత్రమే ఏరేసేది ఆ గుణం వల్లే.

మీకు అమ్మింది రెడ్ క్లా కాదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రెడ్ క్లా ఒళ్లు నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. ఎదిగిన మగవాటి డెక్కల బయటి అంచున మాత్రమే ఎర్రమచ్చ కనిపిస్తుంది. అది బొక్కలు పెద్దగా తవ్వదు కూడా. ఒళ్లంతా ముదురు ఎరుపై, డెక్కల మీద ఎర్రని బొడిపెలుంటే అది అమెరికా దక్షిణాది బురదనేలల క్రేఫిష్, ప్రొకాంబరస్ క్లార్కీ. ఒకదాన్ని పట్టి వీపు చూడండి. పెంకు వెనకభాగంలో రెండు వంపుగీతలు నడిమధ్య కలిసిపోయి ఒకే గీతగా కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. బొక్క చుట్టూ బురద ఉండలు పేర్చి కుండమూతిలా లేపి ఉంటే ఆ బొక్కలూ వీటివే.

చేపపిల్లల నేరం పూర్తిగా వీటిమీదికి నెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న వేలెడు పిల్ల దీనికి దొరకడం కష్టం. ఇది తినేది గుడ్లు, నీరసించినవి, చచ్చినవి. వదిలినప్పుడు పిల్లల సైజు ఎంత? గుంటలో కొర్రమీను ఉందా? తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయా? ముందు ఈ మూడూ చూసుకోండి.

బుట్ట ఇలా కట్టించండి. ప్లాస్టిక్ పూత వేసిన ఇనుప జాలీ, కన్ను 10–12 మి.మీ. రెండడుగుల పొడవున గొట్టంలా చుట్టి, రెండు కొసలా లోపలికి గరాటు పెట్టాలి. గరాటు లోపలి నోరు 5 సెం.మీ. మించకూడదు. మించితే తాబేళ్లు దూరి ఊపిరాడక చస్తాయి. మన చెరువుల్లో తిరిగే తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, బుట్టలో చచ్చి తేలితే కేసు మీమీద. చిన్న తాబేళ్లు ఎలాగూ దూరతాయి, కాబట్టి అవి ఊపిరి పీల్చుకునేలా బుట్టను వాలుగా పెట్టి ఒక కొస నాలుగు వేళ్లు నీటిపైన ఉంచండి.

గట్టు వెంట 10 మీటర్లకు ఒకటి, మీ గుంటకు 18 నుంచి 20 బుట్టలు కావాలి. ఎర 100–150 గ్రాములు, కవళ్లు లాంటి నూనె చేప ముక్కలు గానీ చేప తలకాయలు గానీ. ఎరను చిన్న వలసంచిలో కట్టి వేలాడదీయండి, లేకపోతే మొదట వచ్చినవే తినేస్తాయి. సాయంత్రం వేసి పొద్దున్నే తీయాలి. ఎర రోజూ మార్చాలి, కుళ్లిన ఎరకు సరిగా రావు. బుట్టలు వేసే రోజుల్లో చేపలకు తవుడు, చెక్క పొద్దున మాత్రమే వేయండి. సాయంత్రం మేత వేస్తే క్రేఫిష్‌కు ఆకలి ఉండదు, బుట్ట ఖాళీగా వస్తుంది.

బుట్టలో పడేవి ఎక్కువగా పెద్ద మగవి. తోక కింద గుడ్లు మోస్తున్న ఆడవి బొక్క వదిలి రావు, చిన్నవి జాలీలోంచి జారిపోతాయి. పెద్దవి పోతే చిన్నవాటిని తినేవి తగ్గి, అవి ఇంకా బాగా బతుకుతాయి. అందుకే వారం పట్టి ఆపేస్తే పట్టనట్టే. వానలు మొదలయ్యేదాకా ఆపకండి. వీటిని తింటుందని ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వదలమంటే వినవద్దు, అది మన దేశంలో నిషిద్ధం.

మీరు వీడియోలో చూసిన లైసెన్సు ఇంగ్లండుది. అక్కడ సొంత చెరువులోనైనా ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనుమతి ఉండాలి, బుట్ట పొడవు 60 సెం.మీ., వెడల్పు 35 సెం.మీ. దాటకూడదు. జపాన్ 2023 జూన్ నుంచి ఇదే ఎర్ర క్రేఫిష్ అమ్మకాన్ని, బయట వదలడాన్ని నిషేధించింది. మన దగ్గర విదేశీ జలజీవుల్ని తేవాలంటే కేంద్రం అనుమతి కావాలి. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం, ఇలాంటి జాతుల వ్యాపారాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని కూడా అడ్డుకునే అధికారం కేంద్రానికి ఇచ్చింది. మీ బుట్టలు మీ గుంటలోనే వేయండి. ఊరి పెద్ద చెరువులో (ఏరిలో) వేయాలంటే మత్స్యశాఖనూ, చేపల హక్కు పాడుకున్నవాళ్లనూ అడగాలి. వీటి సంగతి మాత్రం ఫోటోలతో సహా జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి ఈ వారమే తెలియజేయండి.

ప్రాణంతో అమ్మడం కుదరదు. ఒక్కటి కూడా. ఊరికే ఇవ్వడమూ, అక్వేరియం కోసం పక్కింటి పిల్లలకు ఇవ్వడమూ అంతే. మీకు పన్నెండు అమ్మినవాడు చేసిన పనే మీరూ చేసినట్టవుతుంది. మన దేశంలో సహజంగా మంచినీటి క్రేఫిష్ జాతే లేదు. చోళవరం చెరువు నీళ్లు కాలవ గుండా పుళల్ జలాశయానికి, అక్కడినుంచి నగరం కుళాయిలకు వెళతాయి. పుళల్ మిగులు నీళ్లు ఎన్నూరు వైపు పోతాయి. ఇది కాస్త ఉప్పునీటికీ తట్టుకుంటుంది, రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తెచ్చే వైరస్‌ను మోస్తుంది. వనామి రొయ్య వేసుకున్న రైతుకు అది చేరితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పట్టినవాటిని గట్టుమీదే ఐసునీళ్లలో వేసి, కదలిక ఆగాక పది నిమిషాలు ఉడకబెట్టండి. తర్వాత లోతుగా పూడ్చండి. పొలాల మందునీళ్లు దిగే గుంటవి తినొద్దు. తలకాయలు, పెంకులు రొయ్యల మేతకు ఇవ్వొద్దు. బుట్టలు, వలలు రెండు రోజులు ఎండలో ఆరాకే ఇంకో చెరువులో దింపండి.

ఇప్పుడు గుంట ఖాళీ చేయకండి. నీళ్లు తగ్గితే ఇవి రాత్రిపూట నేలమీద నడిచి పోతాయి. అక్టోబరు వానలకు ముందే తూముకు దోమతెర నైలాన్ వల, దాని ముందు చెత్త ఆపడానికి పెద్ద కన్ను జాలీ బిగించండి. గట్టు తెగే అవకాశమున్న చోట మట్టి పోసి లేపండి. ఏప్రిల్‌లో చేపలు పట్టేశాక గట్టు చుట్టూ ఒకటిన్నర అడుగు ఎత్తున నున్నటి ప్లాస్టిక్ షీటు కట్టి, అడుగున అరడుగు పూడ్చి, అప్పుడు నీళ్లు తోడండి. గట్టు లోపలి ముఖాన్ని జేసీబీతో విప్పి, బొక్కల్లోవి ఏరేసి, మట్టి మళ్లీ దిమ్మిస చేయించండి. అడుగు తడిగా ఉండగానే కాల్చిన సున్నం 200 కిలోలు చల్లి, నెర్రెలు వచ్చేదాకా ఎండనివ్వండి. నీళ్లు పెట్టాక పీహెచ్ 8.5 లోపు ఉంటేనే పిల్లల్ని వదలాలి. ఆ మొదటి నెల రాత్రిపూట ఆరు బుట్టలైనా వేసి చూడండి.