ముందు మెకానిక్కుని చూసుకో, తర్వాతే బండి

చిరంజీవి హరికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. నల్ల రంగు యూరప్ బండి, తోలు సీట్లు, గాజు పైకప్పు, ధర చూస్తే కొత్త కరోలాలో సగం కూడా లేదు. మెల్‌బోర్న్‌లో ఈ చివర టార్నీట్ నుంచి ఆ చివర డాండెనాంగ్ దాకా రోజూ రైలూ బస్సూ మారుతూ పోయేవాడికి అలాంటి బండి మీద మనసు పోవడం సహజమే. కానీ అడ్వాన్సు మాత్రం ఇప్పుడే ఇవ్వకు నాయనా. ఈ ఉత్తరం చదివాక అప్పటికీ అదే కావాలనిపిస్తే నేనే నీ వెంట వస్తాను.

ఇక్కడ ఆస్ట్రేలియాలో కారు కొనడంలో మన హిందూపురంలో లేని చిక్కు ఒకటుంది. ఈ దేశంలో ఇప్పుడు కార్లు పెద్ద ఎత్తున తయారు కావు. షోరూముల్లో నువ్వు చూసే కొత్త కార్లన్నీ జపాన్ నుంచో, థాయిలాండ్ నుంచో, కొరియా నుంచో, చైనా నుంచో, ఇంకో దేశం నుంచో ఓడెక్కి వచ్చినవే. ఈసారి వెస్ట్‌గేట్ వంతెన మీద పోయేటప్పుడు సముద్రం వైపు చూడు. వెబ్ డాక్‌లో కార్లు బారులు తీరి ఎండలో మెరుస్తుంటాయి. ఆ రేవు ఉన్న ఫిషర్మన్స్ బెండ్‌లోనే 1948 నవంబరు 29న ప్రధాని బెన్ చిఫ్లీ ఇక్కడి బ్రాండ్ హోల్డెన్ మొదటి కారును జనం ముందుకు తెచ్చాడు. కారు పుట్టిన చోటే ఇప్పుడు ఓడల్లోంచి కార్లు దిగుతున్నాయి. అటు పోయిన ప్రతిసారీ నాకు గుండె కలుక్కుమంటుంది.

నేను 1996లో వచ్చేసరికి ఇక్కడ నాలుగు కంపెనీలు కార్లు చేస్తున్నాయి. నాకు పని దొరికింది ఒక సీట్ల ఫ్యాక్టరీలో. ఆల్టోనాలోని టయోటా ఫ్యాక్టరీలో రంగు వేసిన బాడీ లైను మీదికి ఎక్కగానే మా దగ్గర ప్రింటరు ఒక కాగితం వదిలేది: ఏ మోడలు, ఏ రంగు, గుడ్డా తోలా. కొద్ది గంటల్లో ఆ సీటు ఆ బండి పక్కన ఉండాలి. ఉండేది కూడా. వియత్నాం ఆవిడ ఒకామె నా పక్కన ఇరవై ఏళ్ళు కవర్లు కుట్టింది. కుట్టు అర మిల్లీమీటరు పక్కకు పోతే కళ్ళతో కాదు, బొటనవేలు అలా జరిపి చెప్పేసేది.

మిత్సుబిషి 2008లోనే మూసుకుంది. 2016 అక్టోబరు 7న ఫోర్డ్ ఆగింది. 2017 అక్టోబరు 3న ఆల్టోనాలో టయోటా, అదే నెల 20న అడిలైడ్‌లో హోల్డెన్. కారణాలు చాలా ఉన్నాయి. ఎనభైల్లో 57.5 శాతం దాకా ఉన్న దిగుమతి సుంకం 2010కి 5 శాతానికి వచ్చింది. 2005 నుంచి థాయిలాండ్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక అక్కడి బండ్లు ఇంకా సులువుగా రాసాగాయి. ఆ తర్వాత ఇక్కడి డాలరు అమెరికా డాలరును మించిపోయి, మనం చేసిన బండి బయటివాళ్ళకు ఖరీదైపోయింది. మార్కెట్టు చూస్తే చిన్నది, అందులో బ్రాండ్లేమో డజన్ల కొద్దీ. ఇవన్నీ ఒప్పుకుంటాను. పనివాళ్ళు చేతకానివాళ్ళు కాబట్టి మూతపడ్డాయంటే మాత్రం ఒప్పుకోను. ఆల్టోనా క్యామ్రీలు ఎన్నో ఏళ్ళు గల్ఫ్ దేశాలకు ఎగుమతి అయ్యాయి. పనితనం లేకుండా అక్కడ ఎవరు కొంటారు?

ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, కార్ల ఫ్యాక్టరీ పోయినప్పుడు అదొక్కటే పోదు. దాన్ని నమ్ముకున్న సీట్లవాళ్ళు, బంపర్లవాళ్ళు, అచ్చులు చేసేవాళ్ళు అందరూ పోయారు. బండి చెడితే కావలసిన పార్టు ఇక్కడి గోడౌన్‌లో ఉంటే సరి, లేదంటే అదీ సముద్రం దాటి రావాలి. మీ వదిన ఇలాంటి బండే కొనుక్కుంది. పార్కింగులో ఎవరో తగిలించి ముందు లైటు ఒకటి పగలగొట్టారు. లైటు రావడానికి పదకొండు వారాలు పట్టింది. అన్నాళ్ళూ బండి ఇంటి ముందే ఉంది, లోను కంతు మాత్రం నెలనెలా కట్టింది. అందుకే అంటున్నాను, బండి కంటే ముందు మెకానిక్కుని చూసుకో. మీ ఇంటి చుట్టుపక్కల రెండు మూడు షెడ్లకు వెళ్ళి, 'ఈ మోడలు మీరు చేస్తారా, పార్టు ఎన్ని రోజుల్లో వస్తుంది?' అని అడుగు. జవాబు ఇచ్చే ముందు అతను ముఖం ముడిస్తే ఆ బండి వదిలెయ్. వారంటీ పోతుందన్న భయంతో డీలరు దగ్గరికే పోనక్కరలేదు. 2022 జూలై నుంచి కంపెనీలు రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు కూడా అమ్మి తీరాలని ఇక్కడ చట్టం ఉంది. బండితో వచ్చే సర్వీసు పుస్తకం, అంటే లాగ్‌బుక్ ప్రకారం సర్వీసు చేయించి, రసీదులు దాచుకుంటే చాలు.

విన్ నంబరు, అంటే ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య, చదవడం నేర్చుకో. ముందు అద్దం కింది మూలన అంకెలూ అక్షరాలూ కలిపి 17 ఉంటాయి. మొదటిది 'జె' అయితే జపాన్, 'కె' అయితే కొరియా, 'ఎల్' అయితే చైనా. థాయిలాండ్, మన ఇండియా బండ్లు 'ఎమ్'తో మొదలవుతాయి. ఆల్టోనాలో చేసిన క్యామ్రీకి 6 ఉంటుంది. అదే నంబరుతో పీపీఎస్సార్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టరులో రెండు డాలర్లు కట్టి చూస్తే బండి మీద అప్పుందా, దొంగ బండా, ప్రమాదంలో దెబ్బతిని ఇక బాగుచేయడం దండగని రైటాఫ్ అయిందా తెలిసిపోతుంది. అప్పున్న బండి కొంటే అప్పిచ్చినవాడు వచ్చి నీ ఇంటి ముందు నుంచే తీసుకుపోగలడు. బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని ఇచ్చే రోడ్‌వర్తీ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండకు. అందులో బ్రేకులు, టైర్లు, స్టీరింగు, లైట్లు చూస్తారు. ఇంజను ఇంకెన్నాళ్ళు నడుస్తుందో అది చెప్పదు.

నన్నడిగితే 2015 నుంచి 2017 మధ్య ఆల్టోనా క్యామ్రీ చూడు. అది తెలియని మెకానిక్కు మెల్‌బోర్న్‌లో లేడు. పాత బండ్లు విప్పి అమ్మే రెకర్ల యార్డుల్లో పార్టులు గుట్టలుగా దొరుకుతాయి. ఆ సీటు మేం చేసిందే కావచ్చు, ఆ మమకారం దాచుకోను. అయినా ఈ మాట మమకారంతో అనడం లేదు. చాలా క్యామ్రీలు టాక్సీలుగా తిరిగాయి కాబట్టి, మీటరు తక్కువ చూపిస్తున్నా డ్రైవరు సీటు అంచు నలిగి, పెడళ్ళ రబ్బరు అరిగి ఉంటే నమ్మకు. నువ్వు కొత్త చైనా బండి గురించి కూడా అడిగావు. అవి చెడ్డవేం కాదు. కాకపోతే పార్టుల గోడౌన్ ఈ దేశంలో ఎక్కడుందో, బంపరు ఎన్నాళ్ళకు వస్తుందో షోరూములో అడిగి, ఈమెయిల్‌లో రాయించుకో. ఇన్సూరెన్సు కూడా మరవొద్దు. రిజిస్ట్రేషన్‌తో వచ్చేది మనుషుల గాయాలకే, ఎదుటివాడి కారుకు కాదు.

మీ తమ్ముడు పెనుకొండలో కియా అనుబంధ యూనిట్‌లో చేరాడని మీ అమ్మ చెప్పింది. అక్కడ 2019లో బండ్లు రావడం మొదలైంది, ఇక్కడ మా గేటు మూసి అప్పటికి రెండేళ్ళు. వాడితో ఒక మాట చెప్పు. లైను మీద ఒక పని వచ్చింది చాలని ఆగిపోకుండా, పక్కవాడి పని కూడా నేర్చుకోమను. అచ్చులు, వెల్డింగు రోబోలు, ఏవి నేర్పితే అవి. మాలో చేతిలో రెండో పని ఉన్నవాళ్ళు త్వరగా కుదురుకున్నారు. నాకు కుట్టుపని ఒకటే తెలుసు, పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను.

శనివారం పొద్దున తొమ్మిదికి మీ ఇంటికి వస్తాను. వెరిబీలో ఒక క్యామ్రీ ఉంది, మొదటి ఓనరుదే, నేను ఫోన్లో మాట్లాడి ఉంచాను. మనం వెళ్ళేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని చెప్పాను, చల్లగా ఉన్నప్పుడే దాని శబ్దం వినాలి. బండి కిందికి దూరి చూడాలి, పాత బట్టలు వేసుకో. టార్చి నేను తెస్తాను.

మీ మామయ్య