డిస్కు జారితే ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 42. మూడు వారాలుగా నడుము నొప్పి కుడికాలి మడమ దాకా పాకుతోంది. ఎమ్మారైలో ఎల్5–ఎస్1 డిస్కు (నడుము అడుగున వెన్ను ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండులాంటి భాగం) జారిందన్నారు. ఆపరేషన్ తప్పదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తప్పనిసరేమీ కాదు. నొప్పి లేనివారి ఎమ్మారైలోనూ డిస్కు ఉబ్బు కనిపించడం మామూలే కాబట్టి, వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తినప్పుడు నొప్పి కిందికి పాకుతుందా, మునివేళ్లపై నిలబడగలరా అన్నది పరీక్షించి, ఆ ఫలితాలు స్కానింగ్‌తో సరిపోలినప్పుడే డిస్కును కారణంగా భావించాలి. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో నొప్పి తగ్గుతుంది. జారిన భాగాన్ని శరీరమే క్రమంగా కరిగించుకోవడమూ కద్దు. అంతవరకు డాక్టరు రాసిన మందులు వాడుతూ, మంచానికే పరిమితం కాకుండా వీలైనంత నడవండి. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. అయితే మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదంలో బలం తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.