ముందే తెలిసినా చెయ్యి వినదు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. తొమ్మిదో పేజీ దగ్గర కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. అంత కోపం వచ్చింది. ఎందుకంటే ఆ పేజీ దాకా నువ్వు బాక్సింగ్ బాగా తెలిసిన మనిషిలా రాశావు. హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్ జార్జ్ ఫోర్‌మన్ మహమ్మద్ అలీతో పోటీకి తన జర్మన్ షెపర్డ్ కుక్కని వెంటబెట్టుకుని ఆఫ్రికాలోని కిన్షాసా వెళ్లాడన్న సంగతి పట్టుకున్నావు. హోటల్ గదిలోకి వచ్చిన ముసలాయన్ని చూసి ఆ కుక్క గుర్రుమనడం బాగుంది. మెచ్చుకోలు ఇక్కడితో ఆపుతాను, చెప్పాల్సింది చాలా ఉంది.

ఆ ముసలాయన ఏమంటాడు? "రేపు ఎనిమిదో రౌండులో పడిపోతావు. వాడు తాళ్లకి ఆనుకుని నిలబడతాడు, నువ్వు కొట్టి కొట్టి అలిసిపోతావు, వెంటపడకు" అంటాడు. ఫోర్‌మన్ తలూపుతాడు. మర్నాడు రింగు మధ్యలో నింపాదిగా నిలబడి, ఐదో రౌండులో మహమ్మద్ అలీని పడగొడతాడు. పేజీన్నరలో అయిపోయింది. నిజానికి ముసలాయన చెప్పినట్టే ఎనిమిదో రౌండులో పడి ఓడింది ఫోర్‌మనే. 1974 అక్టోబరు 30న, అమెరికా టీవీల వేళకి సరిపోవాలని తెల్లవారుజామున నాలుగింటికి, ఉక్కపోతలో మొదలైన పోటీ అది. ఒక మనిషి బతుకునే మార్చేసింది. దాన్ని నువ్వు ఒక్క తల ఊపుతో తేల్చేశావు.

అసలు ఆ మాట ఫోర్‌మన్ ఎందుకు నమ్ముతాడమ్మా? వయసు 25. ఆడిన 40 పోటీలూ గెలిచాడు, అందులో 37 నాకౌట్లు. అలీని ఓడించిన జో ఫ్రేజియర్‌ని 1973లో కింగ్‌స్టన్‌లో రెండు రౌండ్లలోనే ఆరుసార్లు పడేశాడు. అలీ దవడ విరగ్గొట్టిన కెన్ నార్టన్‌ని కారకాస్‌లో రెండో రౌండు దాటనివ్వలేదు. అలాంటివాడితో "ఎనిమిదో రౌండులో" అంటే ఏమంటాడు? అప్పటిదాకా ఎవడు మిగులుతాడు అంటాడు. జోస్యం ఒకటి చెబుతుంటే, అతని చేతులు ఇంకోటి చెబుతున్నాయి. పాతికేళ్ల వయసులో ఎవరైనా తన చేతుల మాటే నమ్ముతారు.

పోనీ నమ్మాడే అనుకుందాం. అప్పుడు అలీ ఏం చేస్తుంటాడు? ఫోర్‌మన్‌కి జోస్యం చెప్పించి, అలీ కళ్లకి గంతలు కట్టావు. ఆ రాత్రి అలీ తాళ్ల మీద మొదలుపెట్టలేదు. మొదటి రౌండులో, జాబ్ (ముందు చేత్తో వేసే చిన్న దెబ్బ) వెయ్యకుండానే, కుడిచేత్తో నేరుగా ఫోర్‌మన్ తల మీద కొట్టాడు. అది పూర్తిగా పనిచెయ్యట్లేదని చూసుకున్నాకే తాళ్లకి ఆనుకున్నాడు. ఫోర్‌మన్ అక్కడికి రాకపోతే మరో దారి వెతుక్కునేవాడు. నీ కథలో ఒకడు మాత్రమే మారాడు, రెండోవాడు పాత సినిమా రీలులాగా అవే దెబ్బలు తింటూ నిలబడ్డాడు. రింగులో ఉన్నది ఇద్దరు.

నేను ఎన్నో ఏళ్లుగా నమ్ముతున్న మాట ఒకటి చెబుతాను. ఓడినవాడికి చాలాసార్లు సంగతి ముందే తెలుసు. తెలియక ఓడినవాళ్లు తక్కువ. బుర్రకి తెలిసింది చెయ్యి చెయ్యకపోవడం వల్ల ఓడినవాళ్లు ఎక్కువ. కథ ఉండేది అక్కడ. జాక్ డెంప్సీని చూడు. 1927 సెప్టెంబరు 22, షికాగో. ఏడో రౌండులో జీన్ టన్నీని పడగొట్టాడు. పడగొట్టినవాడు దూరంగా ఉన్న ఖాళీ మూలకి వెళ్లి నిలబడాలి, అప్పుడే రిఫరీ లెక్క మొదలవుతుంది, పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓడినట్టే. ఈ రూలు పోటీకి ముందే రిఫరీ ఇద్దరికీ చెప్పాడు. డెంప్సీ విన్నాడు. విని, టన్నీ పడగానే అతని పక్కనే నిలబడిపోయాడు. 1919లో విల్లర్డ్ మీద, 1923లో ఫిర్పో మీద అలాగే నిలబడి, లేస్తున్నవాణ్ని లేస్తుండగానే కొట్టి గెలిచిన మనిషి. ఆ కాళ్లకి రూలు తెలియదు. రిఫరీ అతన్ని మూలకి పంపి లెక్క మొదలుపెట్టేలోగా టన్నీకి విలువైన క్షణాలు దొరికాయి. మొత్తం పద్నాలుగు సెకన్ల దాకా నేల మీదే ఉన్నాడని అంటారు. లేచాడు, పోటీ గెలిచాడు. ఇప్పుడు నీ ముసలాయన డెంప్సీ గదికి వెళ్లి "పడగొట్టగానే మూలకి వెళ్లు" అని చెబితే కొత్తగా ఏం చెప్పినట్టు?

బిల్లీ కాన్ సంగతీ అంతే. 1941 జూన్ 18, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్. తనకంటే ఎంతో బరువైన జో లూయిస్ మీద పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ఇద్దరు లెక్కరాసేవాళ్ల దగ్గర ముందున్నాడు, మూడో అతని దగ్గర సమానం. ఇంక దూరంగా ఉండి కాలం గడిపితే ప్రపంచ టైటిల్ అతనిదే. స్టూలు మీద కూర్చున్నవాడికి కార్నర్‌లో ఉండే అతని ట్రైనర్లు అదే చెప్పారు. భవిష్యత్తు చెప్పడానికి దేవుడు దిగిరానక్కర్లేదు, తడి తువ్వాలు పట్టుకున్న మనిషి చెవిలో చెబుతూనే ఉన్నాడు. కాన్ లేచి వెళ్లి నాకౌట్ కోసం తలపడ్డాడు. పదమూడో రౌండు ఇంకో రెండు సెకన్లలో ముగుస్తుందనగా పడిపోయాడు. కర్ణుడికి తన శాపాల సంగతి ముందే తెలియదా? అయినా ఆ రథం ఎక్కాడు. మనకి కర్ణుడి మీద అంత ప్రేమ దేనికో ఒకసారి ఆలోచించి, అప్పుడు నీ ఫోర్‌మన్ దగ్గరికి రా.

ముందే తెలియడం ఎప్పుడూ పనికిరాదని కాదు. లూయిస్‌కే పనికొచ్చింది. 1936 జూన్‌లో మాక్స్ ష్మెలింగ్ అతన్ని పన్నెండో రౌండులో నాకౌట్ చేశాడు. ష్మెలింగ్ ముందుగా లూయిస్ పోటీల ఫిల్ములు వేసుకుని చూశాడు. ఎడమచేత్తో జాబ్ వేశాక లూయిస్ ఆ చేతిని తిన్నగా వెనక్కి తేకుండా కిందికి జారుస్తున్నాడని కనిపెట్టాడు. దవడ దగ్గర అంత ఖాళీ, ఒక్క క్షణం. ఆ ఖాళీలోంచి కుడిచెయ్యి పోనిచ్చాడు. ఓడాక లూయిస్ వాళ్లకి తప్పేదో తెలిసిపోయింది. కానీ తెలియడం వేరు, ఆ చెయ్యి పైన నిలబడటం వేరు. ట్రైనర్ జాక్ బ్లాక్‌బర్న్ ఆ చేతితో ఎంత కుస్తీ పట్టి ఉంటాడో ఊహించు. 1938 జూన్ 22న మళ్లీ ఎదురుపడ్డారు. 124 సెకన్లలో ముగిసింది. ఆ 124 సెకన్ల వెనక రెండేళ్లున్నాయి. జోస్యం ముందురోజు రాత్రి వస్తే టెన్షన్ తప్ప ఇంకేం రాదు. రెండేళ్ల ముందు వస్తే కథ వస్తుంది.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టు ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. 1990 ఫిబ్రవరి 11, ఆదివారం. అప్పుడు ఓ దినపత్రిక డెస్కులో పనిచేసేవాణ్ని. టెలిప్రింటర్ మీద టోక్యో వార్త వచ్చింది. అప్పటిదాకా ఓటమి ఎరగని మైక్ టైసన్ పదో రౌండులో నాకౌట్. డెస్కులో ఎవరూ నమ్మలేదు, తప్పు కొట్టారన్నారు. సాయంత్రానికి నెల్సన్ మండేలా జైలునుంచి బయటికొచ్చాడు. పేజీలన్నీ ఆయనకి పోయాయి, పోవాల్సిందే. టైసన్‌కి చివరి పేజీలో మూలన నాలుగు లైన్లు మిగిలాయి. ఆ నాలుగు లైన్లూ నేనే రాశాను. రాశాక నిద్రపట్టలేదు. తర్వాత ఆ పోటీ క్యాసెట్ సంపాదించి చూశాను. టైసన్ ఎడమ కన్ను మూసుకుపోతోంది. అలాంటప్పుడు ఐసులో చల్లబరిచిన ఇనప ముక్కతో వాపుని నొక్కాలి. అతని కార్నర్‌లో ఆ ముక్క లేదు. రబ్బరు తొడుగులో ఐసునీళ్లు పోసి కంటి మీద పెట్టారు. అటుపక్క, అతన్ని ఓడించిన బస్టర్ డగ్లస్ తల్లి చనిపోయి 23 రోజులైంది. పదో రౌండులో టైసన్ మోకాళ్ల మీద పాకుతూ, పడిపోయిన మౌత్‌గార్డ్ కోసం నేల తడుముకుంటాడు. దొరికితే సగం బయటికి వేలాడేట్టు నోట్లో పెట్టుకుని లేస్తాడు. పెద్ద దెబ్బలన్నీ అప్పటికే తగిలేశాయి, అయినా ఆ మౌత్‌గార్డ్ వెతుకుతాడు. అక్కడ నేను ఏడ్చాను.

దాని మీద కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. "ఓడినవాడి గోల పాఠకులకెందుకు, చివర్లో అదంతా కల అని తేల్చండి, టైసన్ లేచి గెలవాలి, ట్విస్ట్ కావాలి" అని సంపాదకుడు వెనక్కి పంపాడు. మార్చనన్నాను. కథ పెట్టెలో పడి ఉంది చాలాకాలం. చివరికి వేసిన చిన్న పత్రిక వాళ్లేమో స్థలం లేదని, మౌత్‌గార్డ్ ఉన్న పేరానే కోసేశారు. ఈనాటికీ ఆ మంట చల్లారలేదు. ఇప్పుడు కూడా అదే జబ్బు, పేరు మారింది. ఏ సంచిక తెరిచినా టైమ్ మెషీన్, రెండో ప్రపంచం, మళ్లీ పుట్టి పగతీర్చుకోవడం. ఓటమిని ఓటమిగా ఒక పేజీ భరించే ఓపిక లేదు ఎవరికీ. నీకు అంత ఓపిక ఉందని మొదటి తొమ్మిది పేజీలు చెబుతున్నాయి, అందుకే ఇంత రాస్తున్నాను.

ఒక్క ఓటమినైనా తిప్పి తీరాలంటావా? మెల్‌డ్రిక్ టేలర్‌ని తీసుకో. 1990 మార్చి 17, లాస్ వేగాస్. జూలియో సీజర్ చావెజ్ మీద ఇద్దరు జడ్జీల దగ్గర బాగా ముందున్నాడు. చివరి రౌండులో పడ్డాడు, లేచాడు. బాగున్నావా అని రిఫరీ అడిగాడు. టేలర్ జవాబు చెప్పలేదు, అతని చూపు తన కార్నర్ వైపు పోయింది. రిఫరీ పోటీ ఆపేశాడు. మిగిలింది రెండు సెకన్లు. అక్కడ జోస్యం ఒక్క మాటంత చిన్నది. "బాగున్నాను" అనాలి, అంతే. అంత చిన్నదైతే మనిషి మోసుకుపోగలడు. కానీ అప్పటికే అతని ముఖంలో ఎముక విరిగి ఉంది. ఆ మాట అని గెలిచినవాడి మర్నాటి ఉదయం ఎలా ఉంటుందో రాయగలవా?

నిఖత్ జరీన్ మీద ఇలాంటి కథ రాయొచ్చా అని అడిగావు. వద్దు. పారిస్ ఒలింపిక్స్‌లో 2024లో ఆమెకి సీడింగ్ (బలమైనవాళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే స్థానం) లేదు, రెండో పోటీలోనే టాప్ సీడ్ అయిన చైనా బాక్సర్ వూ యు ఎదురైంది. ఆ ఓటమిని మనం కాగితం మీద సరిచెయ్యడం మర్యాద కాదు, ఆమె మన కళ్లముందే ఉన్న మనిషి.

ఇక నీ ముసలాయన. ఆయనెవరో కథలో చెప్పలేదు. నన్నడిగితే ఆయన ఫోర్‌మనే. 1994 నవంబరు 5న, 45 ఏళ్ల వయసులో, కిన్షాసాలో వేసుకున్న అదే ఎర్ర నిక్కరు వేసుకుని మైకేల్ మూరర్ ముందు నిలబడ్డవాడు. తొమ్మిది రౌండ్లు దెబ్బలు కాస్తూ, ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వెనకబడి, పదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో టైటిల్ తిరిగి తెచ్చుకున్నవాడు. కిన్షాసాలో అలీ కార్నర్‌లో ఉన్న ఏంజెలో డండీ ఆ రోజు ఇతని కార్నర్‌లో ఉన్నాడు. ఆ ఓపిక ఒంటికి పట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది. దాన్ని ఒక రాత్రిలో ఆ పాతికేళ్లవాడికి ఎలా ఇస్తాడు? వచ్చి కూర్చుంటాడు, చెప్పలేకపోతాడు. కుర్రాడు బయటికి పొమ్మంటాడు. అలాగైతే కుక్క గుర్రుమనకూడదు, వాసన గుర్తుపట్టి తోక ఊపాలి. తొమ్మిదో పేజీ నుంచి ఇలా తిరగరాయి.

నెలాఖరుకి కథల పోటీకి పంపాలన్నావు. పంపకు. ఆ ప్రకటన నేనూ చూశాను, "అనూహ్యమైన ముగింపు" ఉండాలని షరతు పెట్టారు. ఆ షరతు కోసం రాస్తే నువ్వు మళ్లీ ఐదో రౌండులో అలీని పడగొడతావు. తిరగరాసింది ముందు నాకు పంపు. ఈసారి పేజీకి మార్జిన్ కాస్త ఎక్కువ వదులు, నాకు రాసే చోటు చాలలేదు.