ట్రైలర్ బ్రేకులకు వైరింగ్: రంగు చూసి కలపకండి

ప్రశ్న: అన్నా, పిల్లలతో ఊళ్లు తిరగడానికి పోయినేడు చిన్న కారవాన్ ట్రైలర్ చేయించుకున్నాను. ఒకటే యాక్సిల్, రెండు చక్రాలకూ ఎలక్ట్రిక్ బ్రేకులు. వాటికి వైరింగ్ ఇంకా కాలేదు. స్కార్పియోతో లాగుతున్నాను. మొగిలి ఘాట్ దిగేటప్పుడు వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టుంది. అమెరికాలోని మా బావ బ్రేక్ కంట్రోలర్ పంపాడు. ఇక్కడి ఎలక్ట్రీషియనేమో "అది అక్కర్లేదు, స్టాప్‌లైటు వైరులోంచి లాగేద్దాం" అంటున్నాడు. ఏం చేయమంటారు?
పాఠకుడు, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, బ్రేకులు పనిచేసేదాకా ఆ ట్రైలర్‌ను ఘాట్ రోడ్డెక్కించకండి. పిల్లలు ఉండే బండి అది.

స్టాప్‌లైటు వైరులోంచి లాగడం తప్పు. ఆ బ్రేకు డ్రమ్ములో ఒక అయస్కాంతం ఉంటుంది. కరెంటు అందగానే అది తిరిగే డ్రమ్ముకు అతుక్కుని, దాంతోపాటు కొంచెం జరిగి లివర్‌ను లాగుతుంది. అప్పుడు బ్రేకు షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. ఎంత కరెంటు పంపితే అంత పట్టు. ఆ కరెంటును కావాల్సినంతే కొలిచి పంపేదే మీ బావ పంపిన కంట్రోలర్, దాన్నే బిగించండి. స్టాప్‌లైటు వైరులో, పెడల్‌ను కాస్త తాకినా పూర్తి 12 వోల్టులు వచ్చేస్తాయి. ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోతాయి, వానలో అయితే ట్రైలర్ అడ్డం తిరుగుతుంది. పైగా ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. బల్బుల కోసం వేసిన సన్న వైరు మీద ఆ భారం వేస్తే ఫ్యూజు పోయి స్టాప్‌లైట్లు కూడా ఆరిపోతాయి.

కంట్రోలర్ బిగించేటప్పుడు మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. మనకు ఎరుపంటే ప్లస్, నలుపంటే ఎర్త్. అమెరికా కంట్రోలర్లలో మామూలుగా నలుపు బ్యాటరీ ప్లస్‌కు, తెలుపు ఎర్త్‌కు పోతాయి. ఎరుపు స్టాప్‌లైటు స్విచ్‌కు, అదీ పెడల్ తొక్కినప్పుడే కరెంటు వచ్చే కొసకు. నీలం ట్రైలర్ బ్రేకులకు. మన అలవాటులో నలుపును ఎర్త్‌కు కలిపితే కంట్రోలర్ కాలిపోవచ్చు. డబ్బాలో వచ్చిన కాగితం ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టి, ఒక్కో వైరూ చదివించి కలిపించండి. నల్ల వైరుకు బ్యాటరీ దగ్గరే 20 ఆంపియర్ల సర్క్యూట్ బ్రేకర్ వేయించండి. నలుపు, తెలుపు, నీలం మూడింటికీ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి.

ఇక ఎర్త్. నేను చూసిన ట్రైలర్ జబ్బుల్లో సగం దీనివే. రెండేళ్ల కింద తిరుపతిలో మా షెడ్డుకు పీలేరు వైపు నుంచి ఇలాంటి ట్రైలరే వచ్చింది. అయస్కాంతాలు గుయ్యిమంటున్నాయి, పట్టు లేదు. మీటరు పెడితే 6 ఆంపియర్లు రావాల్సిన చోట 4 కూడా లేవు. చూస్తే తెల్ల వైరును ఛాసిస్ పెయింటు మీదే స్క్రూతో బిగించారు. కరెంటు తిరిగి రావడానికి మిగిలిన దారి, బండికి ట్రైలర్ తగిలించే హుక్కు బంతి ఒక్కటే, దానికేమో నిండా గ్రీజు. రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమిరీ కాగితంతో రుద్దాం. వైరు కొసకు లగ్గు (బోల్టు దూరే లోహపు రింగు) వేసి బోల్టు బిగించి, ప్లగ్గు గుండా బ్యాటరీ మైనస్ దాకా విడిగా ఒక వైరు లాగాం. ముల్లు 6 మీదకు వచ్చి నిలబడింది. మీరూ అలాగే చేయించండి.

హుక్కు ఊడితే ట్రైలర్‌ను ఆపడానికి దానిమీదే చిన్న బ్యాటరీ, పిన్ను లాగితే బ్రేకు పడే స్విచ్ ఉండాలి. పిన్ను తీగను స్కార్పియో ఛాసిస్‌కు కట్టండి, హుక్కుకు కాదు.

అంతా అయ్యాక ఖాళీగా ఉన్న చదును రోడ్డులో 40 కిలోమీటర్ల వేగంతో పోతూ కంట్రోలర్ మీటను మాత్రమే నొక్కండి. చక్రాలు జారకుండా బండి వేగం గట్టిగా తగ్గేదాకా కంట్రోలర్‌లో పవర్ సెట్టింగును కొంచెం కొంచెం పెంచుకోండి. కొత్త షూలు కాబట్టి 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచేయించాలి. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: వానాకాలమంతా ట్రైలర్ ఇంటి ముందే ఉంటుంది. వైరింగ్‌కు ఏమైనా చేయాలా?
పాఠకురాలు, రేణిగుంట

జవాబు: చేయాలమ్మా. ప్లగ్గు పిన్నులు పచ్చబడకుండా పలచగా వాజలీన్ పూసి, మూతి కిందికి వచ్చేలా వేలాడదీయండి. ట్రైలర్ మీది చిన్న బ్యాటరీని నెలకోసారి చార్జింగ్ పెట్టించండి. చార్జర్ తీసేసి, ఒక రాత్రి ఆగి చూస్తే 12.6 వోల్టులు ఉండాలి.