సెకండ్‌హ్యాండ్ డీఏఓ పిస్టల్ ట్రిగ్గర్ బరువుగా, గరుకుగా ఉంది. తీసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: 9 ఎం.ఎం. డబుల్ యాక్షన్ ఓన్లీ (డీఏఓ, అంటే ప్రతి తూటాకీ ట్రిగ్గర్‌ని దూరం లాగాల్సిన రకం) పిస్టల్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చూశారు. ట్రిగ్గర్ చాలా దూరం లాగాలి, బరువుగా ఉంది, మధ్యలో ఒకచోట గరగరమంటోంది. అమ్మేవారేమో "డీఏఓ అంటే ఇంతే, వాడగా వాడగా సాఫీ అవుతుంది" అన్నారు.

బరువు, దూరం గురించి ఆయన చెప్పింది నిజమే. గరగర గురించి చెప్పింది సగమే నిజం. ఈ రకం పిస్టల్లో నేను ముందు చూసేది బరువు కాదు, లాగుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉందా లేదా అన్నది. ఇంకో మాట కూడా చెప్తాను: సెకండ్‌హ్యాండ్‌లో అనుమానించాల్సింది బరువైన ట్రిగ్గర్‌ని కాదు, ఉండాల్సిన దానికంటే తేలిగ్గా ఉన్న ట్రిగ్గర్‌ని. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ముందు జాగ్రత్త. మీ దగ్గర లైసెన్సు, అమ్మకం కాగితాలు సరిగ్గా ఉన్నాయని అనుకుని రాస్తున్నాను. పిస్టల్ చేతిలోకి రాగానే మొదట మ్యాగజైన్ (తూటాలు ఉండే పెట్టె) తీయండి, ఆ తర్వాతే స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) వెనక్కి లాగి లాక్ చేయండి. ఈ వరస తిరగబడితే స్లైడ్ ముందుకెళ్ళేటప్పుడు మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా చాంబర్లోకి, అంటే తూటా పేలే గదిలోకి ఎక్కుతుంది. చాంబర్ ఖాళీగా ఉందని కళ్ళతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. మీరున్న గదిలో అసలు తూటాలే ఉండకూడదు. ఖాళీ ట్రిగ్గర్ లాగి చూస్తానని అమ్మేవారిని అడిగి, డమ్మీ రౌండ్లు (మందులేని ఉత్తుత్తి తూటాలు) పెట్టి లాగండి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కొన్ని పిస్టళ్ళు మ్యాగజైన్ లేకపోతే పని చేయవు. స్మిత్ అండ్ వెస్సన్ మూడో తరం మెటల్ పిస్టళ్ళు (డీఏఓలో 5946 లాంటివి), రూగర్ ఎల్‌సీ9 ఇలాంటివే. మ్యాగజైన్ తీసేసి ట్రిగ్గర్ లాగి "ఇది పాడైపోయింది" అనుకోకండి. మ్యాగజైన్ ఖాళీగా ఉందని మరోసారి చూసి, పెట్టి, అప్పుడు లాగండి.

తర్వాత తేల్చుకోవాల్సింది, అది ఏ తరహా డీఏఓ అన్నది. పేరు ఒకటే గానీ లోపల రెండు రకాలు. మొదటి రకంలో హామర్ (తూటాని పేల్చే పిన్‌ని కొట్టే సుత్తి లాంటి భాగం) పూర్తిగా ముందుకు వాలి ఉంటుంది, దాన్ని వెనక్కి ఎత్తే పని మొత్తం మీ వేలే చేస్తుంది. బెరెట్టా 92డీ, సిగ్ పీ250 ఇలాంటివి. వీటిలో తూటా పేలకపోతే స్లైడ్ కదపకుండానే మళ్ళీ ట్రిగ్గర్ లాగి అదే ప్రైమర్‌ని (తూటా అడుగున ఉండి, దెబ్బ తగిలితే మందుని అంటించే చిన్న గుండీని) ఇంకోసారి కొట్టొచ్చు. రెండో రకంలో స్లైడ్ వెనక్కి వెళ్ళినప్పుడే స్ప్రింగ్ కొంత బిగుసుకుంటుంది, మిగతాది వేలు పూర్తి చేస్తుంది. మొదటి తరం రూగర్ ఎల్‌సీపీ, కెల్‌టెక్ పీ3ఏటీ, స్ట్రైకర్‌తో (హామర్ లేకుండా స్ప్రింగ్‌తో దూసుకెళ్ళే పిన్‌తో) నడిచే కార్ కంపెనీ కే9 ఇలా ఉంటాయి. వీటిని రెండోసారి లాగితే ఏమీ జరగదు, స్లైడ్ మళ్ళీ కొద్దిగా అయినా వెనక్కి లాగాలి. దాన్ని లోపం అనుకుని బేరం వదులుకున్నవాళ్ళూ ఉన్నారు, పీ250లో అదే కనబడితే మామూలే అనుకుని కొన్నవాళ్ళూ ఉన్నారు. హెక్లర్ అండ్ కాక్ కంపెనీ ఎల్‌ఈఎం ట్రిగ్గర్ ఈ రెంటికీ మధ్యది: మామూలుగా తేలిక లాగుడు, తూటా పేలకపోతే రెండో లాగుడు బరువుగా వస్తుంది. సిగ్ కంపెనీ డీఏకే ట్రిగ్గర్‌లో మరో మెలిక ఉంది. పూర్తిగా వదిలి లాగితే సుమారు 6.5 పౌండ్లు, సగం వదిలి మధ్య రీసెట్ (ట్రిగ్గర్ మళ్ళీ లాగడానికి సిద్ధమయ్యే చోటు) దగ్గర నుంచి లాగితే సుమారు 8.5 పౌండ్లు. ఇది తెలియక కొలిస్తే ఒకే పిస్టల్ రెండు రకాలుగా కనిపించి తికమక పెడుతుంది.

అసలు పరీక్ష ఇప్పుడు. పిస్టల్‌ని సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి, ట్రిగ్గర్‌ని పది సెకన్లు తీసుకుని లాగండి. వేగంగా లాగితే ఏ గరుకూ తెలియదు. మొదట కొంచెం ఖాళీ కదలిక ఉంటుంది, తర్వాత స్ప్రింగ్ బరువు వేలికి తగులుతుంది, చివర హామర్ జారిపోతుంది. బరువు మెల్లగా పెరుగుతూ పోవడం సహజం. చివరి రెండు మూడు మిల్లీమీటర్లలో గోడకు ఆనినట్టు ఒక్కసారిగా పెరిగితే దాన్ని స్టాకింగ్ అంటారు. కొన్ని డిజైన్లలో అది పుట్టుకతోనే ఉంటుంది, కానీ గురి చెదిరేది సరిగ్గా అక్కడే. ముందు సైట్ మీద ఖాళీ తూటా గొట్టం నిలబెట్టి లాగి చూడండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు పడకుండా ఉంటే ఆ ట్రిగ్గర్ మీ చేతికి కుదిరినట్టే, బరువు కొలిచే గేజ్ ఎంత చూపించినా సరే.

ఇలా పది పన్నెండు సార్లు లాగి, గరగర ఎక్కడ వస్తోందో గుర్తుపెట్టుకోండి. ఒక్కోసారి ఒక్కోచోట వస్తే, లేదా కాసేపయ్యాక తగ్గితే, అది దాదాపుగా మురికే. ఎండిపోయి జిగురైన నూనె, కాలని మందు రేణువులు ట్రిగ్గర్ బార్ (ట్రిగ్గర్ కదలికని హామర్‌కి చేర్చే కడ్డీ) నడిచే దారిలో చేరతాయి. ప్రతిసారీ సరిగ్గా అదే చోట, ఒకే తీరుగా తగిలితే అది లోహం మీది గరుకు లేదా గీత, లేదా వంగిన స్ప్రింగ్. వాడకంతో ఆ గరుకు అరిగిపోవచ్చు, అరగకపోవచ్చు. "వాడితే సాఫీ అవుతుంది" అన్నది కొత్త పిస్టల్ విషయంలో నిజం. వేలసార్లు పేలిన పిస్టల్లో ఇంకా అలాగే ఉందంటే ఇక అరిగేది కాదని లెక్క.

మూడో కారణం ఇంకోటి ఉంది, ఎవరూ చూడరు. బెరెట్టా 92 కుటుంబంలో ట్రిగ్గర్ బార్ కుడివైపు ఫ్రేమ్ బయట నడుస్తుంది, దాని చిన్న స్ప్రింగ్‌ని కుడి గ్రిప్ పలకే పట్టుకుని ఉంటుంది. ఎవరైనా వేరే పలకలు బిగిస్తే అవి బార్‌ని ఒరుసుకోవచ్చు. పలక మరలు కొద్దిగా వదులు చేసి లాగి చూడండి. గరగర పోయిందంటే మార్చాల్సింది పలకే, ట్రిగ్గర్ కాదు. ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్ళలో మ్యాగజైన్ పెట్టి ఒకసారి, అది లేకుండా పని చేసే రకమైతే తీసి ఒకసారి లాగి పోల్చండి. మ్యాగజైన్ గోడ బార్‌కి తగులుతుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ట్రిగ్గర్ ముందుకు వచ్చేటప్పుడు కూడా అంతే శ్రద్ధగా చూడాలి. నా ఉద్దేశంలో లాగుడు కంటే ఇదే ముఖ్యం. హామర్ పడ్డాక ట్రిగ్గర్ నొక్కిపెట్టే ఉంచి, స్లైడ్ ఒకసారి పూర్తిగా లాగి వదలండి. ఇప్పుడు వేలిని వెంట్రుకవాసి చొప్పున వదులుతూ రండి. ట్రిగ్గర్ మీ వేలిని ముందుకు తోస్తూనే ఉండాలి, ఎక్కడా ఆగకూడదు. సగంలో బద్ధకంగా ఆగిందంటే రిటర్న్ స్ప్రింగ్ అలసిపోయింది, లేదా మురికి పట్టేసింది. డీఏఓలో ప్రతి తూటాకీ ఆ స్ప్రింగ్ పూర్తి దూరం సాగుతుంది కాబట్టి త్వరగా అలసేది అదే. 92లో ఈ స్ప్రింగ్ విరగడం అందరికీ తెలిసిన బలహీనత. అది విరిగితే ట్రిగ్గర్ ముందుకు రాదు. ఎన్ని తూటాలు పేల్చారో తెలియని పిస్టల్ కొంటే నేనైతే ఆ స్ప్రింగ్‌ని, స్లైడ్‌ని ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్‌ని అడగకుండానే మార్చేస్తాను.

రీసెట్ పొడుగ్గా ఉండడం వల్ల వచ్చే ఇబ్బంది ఇంకోటి: వేరే పిస్టళ్ళకు అలవాటుపడిన వేలు ట్రిగ్గర్‌ని పూర్తిగా వదలకుండానే మళ్ళీ లాగుతుంది, పిస్టల్ పేలదు. అది పిస్టల్ లోపం కాదు, వేలి అలవాటు.

ఇక కొలత. హుక్ ఉన్న గేజ్‌ని మీ వేలు ఆనే చోటే, అంటే ట్రిగ్గర్ వంపు మధ్యలో తగిలించి, బ్యారెల్‌కి సమాంతరంగా నేరుగా వెనక్కి లాగండి. హుక్ ట్రిగ్గర్ కొన వైపు జారితే పివట్‌కి (ట్రిగ్గర్ తిరిగే ఇరుసుకి) దూరం పెరిగి అంకె తగ్గుతుంది, పైకి జరిగితే పెరుగుతుంది. అమ్మేవాళ్ళు చూపే "తేలిక" అంకెల్లో కొన్ని ఇలా వచ్చినవే. గేజ్ ఎంత వరకు కొలుస్తుందో ముందే చూసుకోండి, 12 పౌండ్ల దగ్గర ఆగిపోయే గేజ్ బరువైన డీఏఓలకు చాలదు. పదిసార్లు కొలిచి, అన్నిటికంటే ఎక్కువ, తక్కువ అంకెలు పక్కన పెట్టి మిగిలిన ఎనిమిదికి సగటు తీయండి. నేను సగటు కంటే వాటి మధ్య తేడాని ఎక్కువ నమ్ముతాను. అర పౌండు, అంటే సుమారు 230 గ్రాముల లోపు తేడా ఉంటే మంచి ట్రిగ్గర్. ఒక పౌండు దాటితే లోపల ఏదో పట్టేస్తున్నట్టే. ఆరు పౌండ్ల నుంచి పన్నెండు దాకా (2.7 నుంచి 5.4 కిలోలు) డీఏఓల్లో మామూలుగా కనిపించే బరువే.

ఇప్పుడు తేలిక ట్రిగ్గర్ సంగతి. డీఏఓలో ట్రిగ్గర్ బరువులో పెద్ద భాగం హామర్ స్ప్రింగ్‌ది, ప్రైమర్‌ని కొట్టే శక్తి కూడా ఆ స్ప్రింగ్‌దే. స్ప్రింగ్ తేలిక చేస్తే రెండూ తగ్గుతాయి. ఉదాహరణకు మామూలు 92లో హామర్ స్ప్రింగ్ సుమారు 20 పౌండ్లు, డీఏఓ 92డీలో సుమారు 16. అందుకే ఆ "డీ" స్ప్రింగ్ కొని మామూలు 92లో వేసుకునేవాళ్ళు చాలామంది, అది బాగానే పని చేస్తుంది. చిక్కు ఎక్కడంటే, అప్పటికే 16తో వచ్చిన డీఏఓలో ఎవరో ఇంకా తగ్గించినప్పుడు. అంతకంటే చెడ్డది కొత్త స్ప్రింగ్ కొనకుండా ఉన్నదాని రెండు చుట్లు కత్తిరించడం. స్ప్రింగ్ బయటికి తీసి రెండు కొసలూ చూడండి. ఫ్యాక్టరీ కొస చదునుగా మూసుకుని ఉంటుంది, కత్తిరించిన కొస తెరుచుకుని పదునుగా ఉంటుంది. కత్తిరించినది కనబడితే, మిగతా చోట్ల కూడా చేయి పడిందనే అనుకోండి.

పెన్సిల్ పరీక్షతో ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని పొడిచే పిన్) కదులుతోందో లేదో తెలుస్తుంది. పిస్టల్ ఖాళీ అని మరోసారి చూసి, రబ్బరు ఉన్న పెన్సిల్‌ని రబ్బరు కిందికి వచ్చేలా బ్యారెల్లో వేసి, నిట్టనిలువుగా పట్టుకుని లాగండి. పెన్సిల్ ఎగిరి బయటికి రావాలి. రాకపోతే కొట్టుడు బలహీనం. వచ్చినంత మాత్రాన ప్రైమర్ పేలుతుందని భరోసా లేదు, అది షూటింగ్ రేంజిలో తేలాల్సిందే. అవకాశం ఉంటే రెండు మూడు కంపెనీల తూటాలు కలిపి యాభై పేల్చండి, గట్టి ప్రైమర్లు ఉన్న రకం ఒకటి తప్పక ఉండాలి. పేలిన గొట్టాలు ఏరి ప్రైమర్ మీది గుంట చూడండి: మధ్యలో, లోతుగా, అన్నిటి మీదా ఒకేలా ఉండాలి. యాభైలో ఒక్కటి తేలిక దెబ్బతో ఆగినా స్ప్రింగ్ మార్చకుండా ఆ పిస్టల్‌ని ఆత్మరక్షణకు నమ్మొద్దు.

ఫైరింగ్ పిన్ బ్లాక్ (ట్రిగ్గర్ లాగనిదే పిన్ ముందుకు వెళ్ళకుండా ఆపే భాగం) ఉన్న రకమైతే, స్లైడ్ విప్పినప్పుడు దాన్ని కూడా చూడండి. బ్లాక్ నొక్కకుండా వెనక నుంచి పిన్‌ని తోస్తే ముందుకు పొడుచుకు రాకూడదు, నొక్కితే స్వేచ్ఛగా రావాలి. నొక్కకుండానే వస్తే అక్కడితో బేరం ఆపేయండి. సీరియల్ నంబరుని కంపెనీ రీకాల్ జాబితాతో పోల్చండి. 2008లో మొదటి ఎల్‌సీపీలు, 370తో మొదలయ్యే నంబర్లవి, కింద పడితే పేలే ప్రమాదం ఉందని రూగర్ వెనక్కి పిలిచి భాగాలు మార్చింది. అలా మార్చని పిస్టల్ చేతులు మారి మీ దాకా రావచ్చు.

ఇంకో తనిఖీ: అది నిజంగా ఫ్యాక్టరీ డీఏఓనా, లేక మామూలు పిస్టల్‌ హామర్ కొమ్ము కోసేసి చేసిందా? స్లైడ్ లాగి వదిలాక హామర్ దానితోపాటే ముందుకు రావాలి, వెనక్కి నిలబడిపోకూడదు. హామర్ మీద సానపట్టిన గీతలు, రంగు పోయిన చోట్లు కనిపిస్తే ఎవరు చేశారో అడగండి.

బయట హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) రాపిడి చూసి భయపడకండి. డీఏఓల్లో చాలావాటిని పోలీసు శాఖలు కొని, తర్వాత ఒక్కసారిగా అమ్మేశాయి. వాటిని మోసింది ఎక్కువ, పేల్చింది తక్కువ. రంగు పోయినా లోపల స్లైడ్ నడిచే పట్టాలు, బ్యారెల్ మెరుస్తూ ఉండడం వీటిలో మామూలే.

ఇప్పుడు మీ పిస్టల్‌కి వస్తే: అమ్మేవారి ఎదుటే స్లైడ్ విప్పి, ట్రిగ్గర్ బార్ దారిలో సాల్వెంట్ పోసి బ్రష్‌తో తోమి, తుడిచి, ఒక్క చుక్క నూనె వేసి, డమ్మీ రౌండ్‌తో యాభైసార్లు లాగండి. గరగర పోతే తీసుకోండి. తగ్గి, అదే చోట కొంచెం మిగిలితే రిటర్న్ స్ప్రింగ్, హామర్ స్ప్రింగ్ ఖర్చు, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవారు) ఒరుసుకునే పక్కలు మాత్రం పాలిష్ చేసే కూలి, మూడూ ధరలోంచి తగ్గించమని అడగండి. హామర్‌ని పట్టి వదిలే అంచుల జోలికి మాత్రం ఎవరినీ వెళ్ళనివ్వకండి. ఆ అంచుల మీది పలుచని గట్టి పొర పోతే కొత్త భాగం వేయడమే దారి. ఏమాత్రం తగ్గకపోతే, అమ్మేవారు విప్పనివ్వకపోతే, వేరేది చూడండి.