మొదటి ప్రదర్శనలో లేసు అల్లికలు పెట్టేటప్పుడు

పాలకొల్లు నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివానండీ. సంక్రాంతికి భీమవరంలో మొదటిసారి లేసు అల్లికల దుకాణం పెడుతున్నారనీ, ధర ఎంత చెప్పాలో, సరుకు ఎలా అమర్చాలో తెలియడం లేదనీ రాశారు.

దారం ఖర్చు మీద నాలుగు రూపాయలు వేసుకుని చెప్పేయడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. దయచేసి మీరు అలా చేయవద్దు. ఒక బల్లగుడ్డకు 12 గంటలు పట్టి, గంటకు 60 రూపాయలు కోరుకుంటే కూలే 720 అవుతుంది. దారానికి 150, దుకాణం అద్దెలో వాటా 50 కలిపితే 920. అంతకంటే తగ్గితే మీ కష్టాన్ని ఊరికే ఇచ్చినట్లే. ధర అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవారు ఉంటారు కనుక ప్రతి వస్తువుకూ చీటీ కట్టండి.

తెల్లటి లేసును తెల్ల దుప్పటి మీద పరిస్తే అల్లిక కనిపించదు. ముదురు నీలం గుడ్డ ముందు ఒక్క ముక్కను వేలాడదీస్తే, పువ్వుల మధ్య ఖాళీల్లోంచి ఆ నీలం తొంగిచూసి, పనితనం దూరం నుంచే తెలుస్తుంది. పలచని గంజి పెడితే అంచులు నిలబడతాయి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ప్లాస్టిక్ సంచుల్లో బిగించకుండా, ఉతికిన నూలు గుడ్డలో చుట్టండి.

అక్కడ ఖాళీగా కూర్చోకుండా అల్లుతూ ఉండండి. సూది కదలిక చూసి ఆగినవారికి నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే జీఐ ట్యాగ్) వచ్చిన సంగతి చెప్పండి. అయితే అధీకృత వినియోగదారుగా, అంటే ఆ గుర్తింపును వాడుకునే అనుమతి ఉన్నవారిగా, నమోదు కానిదే జీఐ ముద్రను చీటీల మీద వేయకూడదు. చిల్లర, క్యూఆర్ కోడ్ కాగితం, ఆర్డర్లు రాసుకునే పుస్తకం మరచిపోకండి.