టైటానియం తుక్కు నుంచి ప్రింటింగ్ పౌడర్: మా అమ్మాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: హైదరాబాద్ బాలానగర్‌లో మాకు చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత మెషీన్ల) వర్క్‌షాప్ ఉంది. విమాన విడిభాగాల జాబ్‌వర్క్ చేస్తాం. మిగిలిన టైటానియం, ఇన్‌కొనెల్ (నికెల్ మిశ్రమలోహం) చిప్స్, అంటే కోతలో రాలిన తురుము, కిలోల లెక్కన తుక్కు వ్యాపారికి వేసేస్తాం. ఆ తుక్కునే పౌడర్ చేసి రాకెట్ భాగాలు ప్రింట్ చేస్తున్నారట. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఈ రంగంలోకి వెళ్లాలంటే ఏం చదవాలి? ఆరు నెలల త్రీడీ ప్రింటింగ్ కోర్సు చాలంటున్నారు, నిజమేనా?

జవాబు: చాలదండి. ఆ కోర్సులో డిజైన్ ఫైలు సిద్ధం చేయడం, మెషీన్ నడపడం వస్తాయి. మీరడుగుతున్న పని పౌడర్ మెషీన్‌లో పడకముందే అయిపోతుంది. అది మెటలర్జీ (లోహశాస్త్రం) వాళ్ల పని. బీటెక్‌లో ఆ బ్రాంచే తీసుకోమనండి.

ఎందుకో మీ డ్రమ్ములోని చిప్స్‌తోనే చూద్దాం. ఎక్కువగా వాడే టైటానియం గ్రేడ్ 5లో 6% అల్యూమినియం, 4% వెనేడియం ఉంటాయి. ఆక్సిజన్ 0.20% దాటకూడదు, దాటితే లోహం పెళుసుబారుతుంది. చిప్ పల్చన, వేడి మీద తెగుతుంది, కాబట్టి ఆక్సిజన్ బాగా పట్టి ఉంటుంది. పైగా వాక్యూమ్‌లో ఎన్నిసార్లు కరిగించినా టైటానియంలో కరిగిన ఆక్సిజన్ బయటికి రాదు. మామూలు కరిగింపులో చేయగలిగింది పలుచన చేయడమే. ఉదాహరణకు తుక్కులో 0.28%, కొత్త స్పాంజ్‌లో (ఖనిజం నుంచి తీసిన ముడి టైటానియం) 0.06% ఆక్సిజన్ ఉందనుకోండి. పౌడర్ చేసేటప్పుడు ఇంకొంచెం పెరుగుతుంది కనుక కరిగించిన లోహంలో 0.16% దగ్గర ఆపాలి. అంటే 100 కిలోల్లో తుక్కు 45 కిలోలకు మించకూడదు. స్పాంజ్‌లో అల్యూమినియం, వెనేడియం ఉండవు కాబట్టి వాటిని విడిగా కలపాలి. ఈ లెక్క వేయగలిగినవాళ్లకే ఇక్కడ ఉద్యోగం.

అంతకుముందు ఏరివేత ఉంటుంది. చేతిలో పట్టుకుని ఎక్స్‌రేతో లోహాలను గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ కొన్ని సెకన్లలోనే నికెల్, క్రోమియం, నయోబియం ఎంతో చెప్పేస్తుంది. కానీ ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్ దానికి కనబడవు. వాటికి శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లాల్సిందే. తర్వాత చిప్స్ ముక్కలు చేసి, కూలెంట్ (కోతలో చల్లబరిచే ద్రవం) కడిగి, ఆరబెట్టి, ఇనుము ముక్కలు తీయడానికి అయస్కాంతం కిందుగా పంపుతారు. అసలు భయం విరిగిన ఇన్సర్ట్ (కోత పనిముట్టు మొన) ముక్కతో. అది తయారయ్యే టంగ్‌స్టన్ కార్బైడ్ టైటానియం కంటే మూడున్నర రెట్లు బరువు. నీళ్లతో చల్లబరిచే రాగి తొట్టిలో కరిగిస్తే అడుగుకు దిగి అక్కడే ఉండిపోతుంది. ఆ దశ తప్పించి నేరుగా పౌడర్ చేస్తే ఆ గింజ ప్రింటయిన భాగంలోకి వెళ్లి, పగులు అక్కడే మొదలవుతుంది. లోహంలో చిన్న మచ్చ ఏం చేస్తుందో 1989లో అమెరికాలోని సూ సిటీలో కూలిన డీసీ-10 చూపించింది. కడ్డీ పోసినప్పుడే నైట్రోజన్ చేరి ఏర్పడిన గట్టి మచ్చ ఇంజిన్ ఫ్యాన్ డిస్కులో దాగి ఉంది. 112 మంది పోయారు. అది పౌడర్‌తో చేసిన భాగం కాదు. కానీ కొనేవాడు ప్రతి కిలోకీ పుట్టుపూర్వోత్తరాలు అడగడానికి కారణం ఇలాంటివే.

కరిగిన లోహాన్ని ఆర్గాన్ జెట్‌తో చిమ్మితే గుండ్రటి రేణువులవుతాయి. లేజర్ మెషీన్లకు 15–45 మైక్రాన్లవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లించి తీస్తారు. ఆర్గాన్ లోపల చిక్కితే రేణువు డొల్లగా ఉంటుంది, ప్రింటయ్యాక కూడా ఆ రంధ్రం పూర్తిగా పోదు. పెద్ద రేణువుకు చిన్నవి అంటుకుంటే పౌడర్ సాఫీగా జారదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఏడాది తరచూ జల్లెడ గదిలోనే గడుస్తుంది. 50 గ్రాముల పౌడర్ రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రం గుండా ఎన్ని సెకన్లలో జారిందో రాయడం, ఆక్సిజన్ రిపోర్టు సరిచూడడం, నిప్పు పుట్టకుండా ఎర్తింగ్ తనిఖీ చేయడం. బోరు కొట్టే పనే. టైటానియం పౌడర్ అంటుకుంటే నీళ్లు పోయకూడదన్న సంగతి కూడా మొదట అక్కడే నేర్పుతారు.

కాలేజీలంటారా, ఎన్‌ఐటీ వరంగల్, ఐఐటీ హైదరాబాద్, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ, గండిపేట ఎంజీఐటీల్లో ఈ బ్రాంచి ఉంది. ఫిజికల్ మెటలర్జీ, థర్మోడైనమిక్స్, పౌడర్ మెటలర్జీ సబ్జెక్టులు గట్టిగా చదవాలి. మూడో ఏడాది నుంచి గేట్‌లో 'ఎంటీ' (మెటలర్జీ) పేపర్ చూసుకోవాలి. ఇంటర్న్‌షిప్‌కి కంచన్‌బాగ్‌లో మిధాని (ప్రత్యేక లోహాల ప్రభుత్వ సంస్థ), డీఎంఆర్‌ఎల్ (రక్షణ లోహ పరిశోధనశాల), బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ (పౌడర్ మెటలర్జీ పరిశోధన కేంద్రం) ఊళ్లోనే ఉన్నాయి. తుక్కు నుంచే పౌడర్ చేసే ఉద్యోగాలు మన దేశంలో ఇంకా తక్కువే, దాచడం దేనికి. ముందు సూపర్‌అల్లాయ్ (ఇన్‌కొనెల్ లాంటి, వేడిని తట్టుకునే మిశ్రమలోహం) కరిగించే చోటో, ప్రింటింగ్ కంపెనీ క్వాలిటీ విభాగంలోనో చేరి ఇటు రావాల్సి ఉంటుంది.

ఎంఎస్ చేసి అమెరికాలో స్థిరపడాలనుకుంటే ఒక జాగ్రత్త. పెన్సిల్వేనియాలో సిక్స్‌కే అడిటివ్, వర్జీనియాలో ఇపెరియాన్‌ఎక్స్ తుక్కు టైటానియంతో పని చేస్తున్నాయి. కానీ రక్షణ, రాకెట్ కాంట్రాక్టులున్న చోట ఐటార్ (అమెరికా ఆయుధ ఎగుమతి నియంత్రణ) నిబంధనల వల్ల పౌరులనో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనో మాత్రమే తీసుకోవడం మామూలు. అప్పు చేసి పంపేముందు ఇది లెక్కలో పెట్టుకోండి.

ఈలోగా ఈ సెలవుల్లో మీ షాపు తుక్కు లెక్క ఆమెకు అప్పగించండి. గ్రేడుకో డ్రమ్ము, దాని మీద కడ్డీ సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు (ఏ విడత కరిగింపులో పోసిందో చెప్పేది), ఇన్సర్ట్ విరిగిన షిఫ్టు చిప్స్ విడిగా. సన్నటి టైటానియం చిప్స్ కూలెంట్ కారిపోయాక మూత పెట్టి, వెల్డింగుకు దూరంగా ఉంచాలి. వేర్వేరు గ్రేడులు కలిసిన తుక్కుకూ, కాగితం ఉన్న ఒకే గ్రేడు తుక్కుకూ రేటులో తేడా ఎంతో మీ వ్యాపారినే అడిగి చూడమనండి.